మింగిన మాత్ర ఒంటికి పట్టొద్దా?

మొన్న పరీక్షలో కూడా నా హిమోగ్లోబిన్ 12.3 వచ్చింది. గర్భిణి కాని ఆడవాళ్ళకి 12కి తగ్గకూడదని లెక్క. ఒకప్పుడు 5.6కి పడిపోయినదాన్ని. మళ్ళీ దిగిపోతుందేమోనన్న బెంగ చాలాకాలం పీకింది. ఇప్పుడు కాస్త ధైర్యం వచ్చింది. కొందరికి చెప్పాల్సిన మాటలు మనసులో ఉండిపోయాయి, అవి చెప్పేద్దామని రాస్తున్నాను.

మాది కోనసీమలో ఒక లంక. మా ఆయనది కొబ్బరికాయల వ్యాపారం. రెండో బిడ్డ పుట్టిన తర్వాత నాకు నెలసరి బాగా ఎక్కువైంది. ఇలాంటివి ఎవరితో చెప్పుకుంటాం, అందరికీ ఉండేదేలే అనుకుంటాం. డాబా మెట్లెక్కితే ఆయాసం, బిందె ఎత్తితే కళ్ళు బైర్లు కమ్మడం, దువ్వెన నిండా జుట్టు. అన్నిటికంటే వింత పచ్చిబియ్యం మీద యావ. చేటలో బియ్యం చెరుగుతుంటే గుప్పెడు నోట్లో పోసుకోకుండా ఉండలేకపోయేదాన్ని. ఆ వాసనకే నోరూరేది. "పచ్చిబియ్యం తినబట్టే ఇలా పాలిపోతున్నావమ్మాయ్" అని అత్తయ్యగారు చేట లాగేసుకునేవారు. మా ఊళ్ళో ఎవరినడిగినా అదే చెబుతారు. కానీ సంగతి తిరగబడి ఉంది. ఒంట్లో ఇనుము తగ్గిపోతేనే బియ్యం, బలపాలు, మట్టి, ఐసుముక్కలు తినాలనిపిస్తుంది. మీ ఇంట్లో ఆడపిల్ల బియ్యం డబ్బా చుట్టూ తిరుగుతుంటే కసరకండి. రక్తపరీక్ష చేయించండి.

దగ్గర్లోని టౌన్లో ఒక డాక్టరుగారికి చూపించాం. 7.8 ఉంది. నెలసరి గురించి అడగలేదు. మందులు రాశారు. పరగడుపున గ్యాస్ మాత్ర, తర్వాత ఐరన్ పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, రెండు పూటలా దాంతోపాటే కాల్షియం. ఆ చీటీ ఇప్పటికీ దాచాను. ఐరన్, కాల్షియం రెండిటినీ ఒక బ్రాకెట్లో పెట్టి పక్కన "తిన్నాక" అని ఆయన చేత్తో రాసింది ఉంది. రాసినట్టే వేసుకున్నాను. పొద్దున ఇడ్లీ తిని టీ తాగుతూ, రాత్రి పెరుగన్నం తిన్నాక. కడుపులో తిప్పడం, నోట్లో తుప్పు రుచి, మలబద్ధకం. అయినా ఒక్క పూట మానలేదు. కొన్ని నెలల తర్వాత పరీక్ష చేయిస్తే 7.4.

ఆయన రిపోర్టు చూసి నాతో ఒక్క మాట మాట్లాడలేదు. అత్తయ్యగారి వైపు తిరిగి, "వీళ్ళు మింగరండీ. మింగామని చెప్పి పెరట్లో పారేస్తారు. మీరు దగ్గరుండి మింగించండి" అన్నారు. అని తర్వాతి పేషెంటుని పిలిచారు.

ఆ మాట అన్న మనిషికి అది రోజూ అనే మాటే అయ్యుంటుంది. మా ఇంట్లో మాత్రం అది చాలాకాలం ఉండిపోయింది. ఆ రోజునుంచి మాత్రల అట్ట అత్తయ్యగారి దగ్గరే. పూటకొకటి చేతిలో పెట్టి, నీళ్ళు తాగేదాకా ఎదురుగా నిలబడి, "ఏదీ, నాలిక చూపించు" అనేవారు. ఇద్దరు బిడ్డల తల్లిని, నాలిక బయటపెట్టి చూపించాను. చిన్నది చూసి, "అమ్మ మందు ఉమ్మేస్తుందా నాయనమ్మా?" అని అడిగింది. మా ఆయన ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనకపోవడమే నాకు ఎక్కువ బాధయింది. ఎదురుగా నిలబడి మింగించినా రక్తం పెరగలేదు. అయినా ఎవరికీ అనుమానం మాత్ర మీదికి వెళ్ళలేదు, నా మీదే ఉండిపోయింది.

2022 జులై వరద గోదావరి జిల్లాలవాళ్ళెవరూ మర్చిపోరు. ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటింది. మా లంకకి దారైన కాజ్‌వే అంతకుముందే మునిగిపోయింది. కరెంటు లేదు. సామానంతా అటకమీదకి ఎక్కించి పిల్లల్ని డాబా మీది గదిలో పడుకోబెట్టాం. సరిగ్గా అప్పుడే నాకు నెలసరి వచ్చింది, ఎప్పుడూ లేనంతగా. అర్ధరాత్రికి పడుకుంటే ఊపిరాడటం లేదు, కూర్చుంటే తల తిరుగుతోంది. గోడకి జేరబడి కూర్చున్నాను. చెవుల్లో నా గుండె చప్పుడు తప్ప ఇంకేం వినపడటం లేదు. మా ఆయన ఫోన్ లైటు వేసి నా చేతులు చూశారు. గోళ్ళు సున్నం వేసినట్టు తెల్లగా ఉన్నాయి. ఆ చీకట్లో, ఆ ఉరవడిలో పడవ వేయడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు, వాళ్ళని తప్పు పట్టను. తెల్లారాలి, అంతే. తెల్లారేసరికి ఉంటానా అనుకున్నాను. పొద్దున పిల్లలు లేస్తే అన్నం ఎవరు పెడతారని ఒకటే ఆలోచన. అత్తయ్యగారు నా అరికాళ్ళు రుద్దుతూ అయినవిల్లి వినాయకుడికి మొక్కుకుంటున్నారు. ఉన్నట్టుండి నా మొహంలోకి వంగి, "నిజం చెప్పమ్మా, ఇదివరకు మాత్రలు పారేశావా?" అన్నారు.

కోపంతో కాదు, ఏడుస్తూ అడిగారు. జవాబు చెప్పే ఓపిక కూడా లేదు నాకు.

తెల్లారాక పడవ మీద గట్టుకి చేర్చారు, అక్కడినుంచి అమలాపురం. రక్తం ఎక్కించారు, స్కానింగు తీశారు, గర్భసంచిలో చిన్న గడ్డ ఉందన్నారు. మందులతోనే నెలసరి అదుపులోకి వచ్చింది. ఆ వివరాలు పెద్దగా చెప్పేవి కావు.

చెప్పాల్సింది అక్కడి డాక్టరమ్మ అడిగిన ప్రశ్న. పాత చీటీ చూసి, "మాత్ర దేంతో వేసుకునేదానివమ్మా?" అన్నారు. అన్ని నెలల్లో ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆవిడే. చెప్పాను. "విరేచనం నల్లగా వచ్చేదా?" అన్నారు. రోజూ అన్నాను. ఆవిడ అత్తయ్యగారి వైపు తిరిగి, "ఈ అమ్మాయి మింగిందండీ. అలా నల్లగా రావడమే సాక్ష్యం. మింగిన ఇనుము ఒంటికి పట్టకుండా పోయింది. ఒంటికి పట్టిన కాస్తా నెలనెలా బయటికి పోయింది" అన్నారు. అప్పుడు ఏడ్చాను. ఊపిరాడని రాత్రి కూడా ఏడవలేదు.

తర్వాత ఆవిడ ఓపిగ్గా చెప్పింది, నేను ఆ తర్వాత చదివి తెలుసుకుంది నాకు అర్థమైనంతలో చెబుతాను. మాత్రలోని ఇనుము చిన్నపేగు మొదటి భాగంలోనే ఎక్కువగా పీల్చుకోబడుతుంది. టీలోని తొగరు ఆ ఇనుముని పట్టేసి పీల్చుకోనివ్వదు. కాఫీ కూడా అంతే. కాల్షియం అడ్డుపడుతుంది. ఇనుము కరగడానికి కడుపులో ఆమ్లం కావాలి, గ్యాస్ మాత్ర దాన్ని తగ్గించేస్తుంది. అంటే ఆ చీటీ నా చేత ఒక చేత్తో ఇనుము ఇప్పించి ఇంకో చేత్తో తీయించింది.

ఇంకోటుంది, అది చాలామంది డాక్టర్లు కూడా చెప్పరు. మన కాలేయం హెప్సిడిన్ అనే పదార్థాన్ని తయారుచేస్తుంది. కాలవ నీళ్ళని ఆపి వదిలే లాకుల సంగతి మా డెల్టావాళ్ళకి చెప్పక్కర్లేదు. హెప్సిడిన్ లాకు తలుపు దించే మనిషి లాంటిది. పేగు గోడలోంచి రక్తంలోకి ఇనుము వెళ్ళే దారిని మూసేస్తుంది. 60 మిల్లీగ్రాములో అంతకంటే ఎక్కువో ఇనుమున్న మాత్ర వేసుకుంటే హెప్సిడిన్ పెరిగి దాదాపు ఒక రోజు అలాగే ఉంటుంది. ఈలోగా వేసుకున్న రెండో మాత్ర చాలావరకు పేగులోనే ఉండిపోయి వికారం, మలబద్ధకం తెచ్చిపెడుతుంది. స్విట్జర్లాండులో జూరిక్ పరిశోధకులు ఇనుము తగ్గిన ఆడవాళ్ళ మీదే దీన్ని కొలిచారు. 2017లో వాళ్ళు ప్రచురించిన లెక్క ప్రకారం రోజూ వేసుకుంటే మాత్రలోని ఇనుములో 16 శాతం, రోజు విడిచి రోజు వేసుకుంటే దాదాపు 22 శాతం ఒంటికి పట్టింది. పొద్దునా సాయంత్రమూ విడదీసి వేసుకోవడం వల్ల అదనంగా ఒరిగిందేమీ లేదని కూడా వాళ్ళే చూశారు.

నాకు డాక్టరమ్మ రోజు విడిచి రోజు, ఒక్కటే మాత్ర ఇచ్చారు. పొద్దున్నే పరగడుపున, నిమ్మకాయ నీళ్ళతో. టీ గంటన్నర తర్వాతే. కాల్షియం రాత్రికి మార్చారు, గ్యాస్ మాత్ర మానిపించారు. "ఇలా పట్టకపోతే నరానికే ఐరన్ ఎక్కిద్దాం, దారి లేకపోలేదు" అన్నారు. ఆ అవసరం రాలేదు. నెల తిరిగేసరికి మెట్లెక్కితే ఆయాసం తగ్గింది. ఇంకొన్నాళ్ళకి బియ్యం వాసన మామూలు బియ్యం వాసనే అయింది.

ఇది చదివి ఎవరూ సొంతంగా మాత్రలు మార్చుకోవద్దు. గర్భిణులకి ఇచ్చే ఎర్రమాత్ర రోజూ వేసుకోవాల్సిందే, నాకు చెప్పింది వాళ్ళకి వర్తించదు. థైరాయిడ్ మాత్ర వాడేవాళ్ళు ఐరన్‌కీ దానికీ నాలుగు గంటలు ఎడం ఉంచాలి. అందరూ బీట్‌రూట్ రసం తాగమంటారు, నేనూ తాగాను, దాని రంగు చూసి రక్తం పడుతుందనుకోవడమే తప్ప అందులో ఇనుము అంతంతమాత్రమే. తినేవాళ్ళకి కార్జం, చేపల్లోని ఇనుము ఆకుకూరల్లో దానికంటే తేలిగ్గా పడుతుంది. తినని వాళ్ళు తోటకూర పప్పులో నిమ్మకాయ పిండుకోండి. అన్నిటికంటే ముందు, రక్తం ఎందుకు తగ్గిందో అడగండి. పోయే దారి మూయకుండా ఎన్ని మాత్రలు మింగినా ఒకటే.

ఆ టౌన్ డాక్టరుగారి మీద నాకు కోపం పోలేదు. పోతుందని కూడా అనుకోను. మందు రాయడంలో పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. మందు పనిచేయకపోతే ముందు మందుని అనుమానించాలి కదా, మనిషిని దొంగని చేయడమేమిటి? మన దేశంలో 2019-21 సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతానికి రక్తహీనత ఉందని తేలింది. వాళ్ళందరూ పెరట్లో పారేసేవాళ్ళేనా? అందులో ఎంతమంది నాలాగా నాలిక చూపిస్తున్నారో.

అత్తయ్యగారి మీద మాత్రం కోపం లేదు. అమలాపురం నుంచి ఇంటికొచ్చిన రోజు మాత్రల అట్ట తెచ్చి నా చేతిలో పెట్టారు, ఏమీ అనలేదు. నేను కోలుకున్నాక అయినవిల్లి వెళ్ళి మొక్కు తీర్చుకున్నాం. ఆ రాత్రి తెల్లారేలా చేసింది స్వామే అని నా నమ్మకం, డాక్టరమ్మ దగ్గరికి చేర్చింది కూడా. గుడి మెట్ల మీద మా ఆయన, "ఆ రోజు ఆయనకి నేను ఎదురు చెప్పాల్సింది" అన్నారు. అవునండీ, చెప్పాల్సింది అన్నాను.

హిమోగ్లోబిన్ 12 దాటాక కూడా డాక్టరమ్మ వెంటనే మాత్ర ఆపనివ్వలేదు. ఒంట్లో నిల్వ నిండాలి, అది ఫెరిటిన్ పరీక్షలో తెలుస్తుందన్నారు. ఫెరిటిన్ 41కి వచ్చాకే ఆపారు. ఇప్పుడు ఆర్నెల్లకోసారి రక్తపరీక్ష, ఏడాదికోసారి స్కానింగు. ఈసారి స్కానింగు సంక్రాంతి వెళ్ళాక.