సంతకం కాయితం కంటే ముందు గెడ ముంచి చూడాలి

మా కొబ్బరితోట పక్కన చేపల చెరువు మూడేళ్ళ నుంచి ఖాళీగానే ఉంది, దాన్ని బాగుచేసి జనం దూకి ఈతకొట్టే చోటు చేద్దామని నేనూ మా తమ్ముడూ అనుకున్నాం. ఆరడుగుల మంచె, ఒక తాడు ఉయ్యాల, పిల్లలకి మెరక వైపు వేరే గట్టు. దిండి వచ్చినోళ్ళు ఇటు కూడా ఓ పూట వస్తారు కదా అని. చిన్నప్పట్నించి లాకుల మీంచి కాలవలోకి దూకి పెరిగినోళ్ళమే, ఇందులో నేర్చుకునేదేముందిలే అనుకున్నాం.

మా బావమరిది కొలరాడోలో ఒక స్కీ రిసార్టులో టెర్రైన్ పార్క్ పని చేస్తాడు. అంటే కొండవాలు మీద, స్కీలు వేసుకున్నోళ్ళు ఎగరడానికని కావాలని మంచుతో దిబ్బలు కట్టి ఇనప పట్టాలు పాతిన చోటన్నమాట. ఫోన్‌లో సంగతి చెప్తే వాడు మొదట అడిగింది ఇన్సూరెన్స్ గురించి కాదు, "బావా, మీ చెరువు అడుగు చూశారా?" అని.

వాడు చెప్పింది అప్పట్నించీ నా బుర్రలో తిరుగుతానే ఉంది. చూసేవాళ్ళందరూ ఎగిరే చోటు చూస్తారు, దెబ్బ తగిలేది మాత్రం దిగే చోట. దిగే చోటు కూడా ఏటవాలుగా ఉంటే మనిషి జారిపోతాడు, ఒంటికి పెద్దగా తగలదు, అదే స్పీడెక్కువై ఆ వాలు దాటిపోయి చదును మీద పడ్డాడంటే మేడ మీంచి పడ్డట్టే. పైగా మంచు నిన్నటిలా ఇవాళ ఉండదు, రాత్రి గడ్డకట్టి పొద్దున్నే గాజులా ఉంటది, మధ్యాహ్నం ఎండకి మెత్తబడి స్పీడ్ తగ్గిపోతది. అందుకే రోజూ తెరిచే ముందు ఒక్కో దిబ్బా చూసి పుస్తకంలో టైముతో సహా రాస్తారంట, తేడాగా ఉంటే తాడు కట్టి మూసేస్తారంట. నారింజ రంగు కోడిగుడ్డు ఆకారం బోర్డు ఉంటది, చిన్నవీ పెద్దవీ వేరువేరుగా గుర్తులు పెడతారు, కొత్తోడు చిన్నదాంతోనే మొదలెట్టాలి.

మరి దెబ్బ తగిలితే మా పూచీ లేదని కాయితం రాసి వచ్చినోళ్ళ చేత సంతకం పెట్టించుకుంటే సరిపోదా అని అడిగాను. వాడు చెప్పాడు, అమెరికాలోనే ఒరెగాన్‌ రాష్ట్రంలో 2006లో ఒక కుర్రాడు అలాంటి పార్కులో పడి నడుం కింద చచ్చుబడిపోయాడు, రిసార్టు వాళ్ళ చేతిలో వాడు సంతకం పెట్టిన కాయితం ఉంది, అయినా 2014లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ కాయితం చెల్లదంది. ఇక్కడ మన దగ్గరైతే మైనర్ పెట్టిన సంతకానికి అసలు విలువే లేదు, మన నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోతే భారతీయ న్యాయ సంహిత 106 కింద అయిదేళ్ళ దాకా జైలు. ఆ కేసుని ఏ కాయితం ఆపుద్ది చెప్పండి? ఇన్సూరెన్స్ అడిగేటప్పుడు కూడా జాగ్రత్త, 1991 నాటి పబ్లిక్ లయబిలిటీ ఇన్సూరెన్స్ చట్టం ప్రమాదకరమైన రసాయనాలవీ వాడే వాళ్ళకి, మనకి కావాల్సింది వచ్చిన జనానికి దెబ్బ తగిలితే కట్టే పాలసీ, ఏ పని చేయిస్తున్నామో అందులో పేరు పెట్టి రాయించుకోవాలి.

ఇవన్నీ వినీ కూడా చెరువు అడుగు చూడ్డం రేపు మాపు అంటూ బద్ధకించాను. ఈలోగా మా మేనల్లుడు ఒకరోజు మంచె మీంచి దూకి మోకాలు చీరుకుని లేచాడు, ఎనిమిది కుట్లు. దిగి తడిమి చూస్తే ఎప్పుడో గట్టు జారినప్పుడు పడిన తాటిమొద్దు, సగం బురదలో, చివర ఈటెలా పైకి లేచి ఉంది. వాడు తల ముందు పెట్టి దూకుంటే? ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడే నీళ్ళు తోడించి అడుగంతా దువ్వించాం. ఇప్పుడు ఒక వెదురు గెడకి అడుగడుక్కీ తెల్లగీత, పదడుగుల దగ్గర ఎర్రగీత. పొద్దున్నే మంచె చుట్టూ అయిదు చోట్ల ముంచి, లోతు నోటుబుక్‌లో రాసి సంతకం పెడుతున్నాం. కాళ్ళు ముందుకే దూకాలి, ఒకరు దూకి పైకి తేలి పక్కకి తప్పుకున్నాకే ఇంకొకరు, గట్టున తాడూ ట్యూబూ పట్టుకుని ఒక మనిషి. వీటికి తెలుగులోనే పెద్ద అక్షరాలతో బోర్డు పెట్టాం.

కాలవలకి నీళ్ళు ఆపేశాక చెరువులో నీళ్ళు రోజురోజుకీ దిగిపోతున్నాయి. నిన్న గెడ తొమ్మిదిన్నర చూపించింది, తమ్ముడు అరడుగేగా అన్నాడు, నేను మంచె మెట్లకి తాడు కట్టేసి బుక్‌లో "మూసేశాం" అని రాశాను.