మొక్కులతో పెరిగిన ఊరు వేళాంగణి

గుంటూరు, కృష్ణా జిల్లాల కతోలిక కుటుంబాలలో ఏటా గుణదల తిరునాళ్ళకు వెళ్ళే ఆనవాయితీ ఎంత బలమైనదో, బ్రతికుండగా ఒక్కసారైనా తమిళనాడు తీరంలోని మరియమాత పుణ్యక్షేత్రం వేళాంగణి వెళ్ళి రావాలనే కోరిక కూడా అంత బలమైనదే. మా ఇంట్లో ఆ కోరిక అమ్మది. చెల్లెలి కాన్పు కష్టమైనప్పుడు అమ్మే ఆరోగ్యమాతకు, అంటే వేళాంగణిలో వెలసిన మరియమాతకు, మొక్కుకున్నది. పసివాడు నడక నేర్చిన తరువాత, సంక్రాంతి సెలవుల రద్దీ తగ్గాక, అమ్మను, పెద్దమ్మను, తల్లీబిడ్డలను వెంటబెట్టుకొని నేను బయలుదేరాను. విజయవాడ నుండి చెన్నై చేరి, ఎగ్మూరులో రాత్రి రైలెక్కితే తెల్లవారేసరికి నాగపట్నంలో దిగాము. అక్కడి నుండి వేళాంగణికి రైలు దారి 2010లో పడింది గాని, మేము దిగిన వేళకు బస్సే అందుబాటులో ఉన్నది. కావేరి డెల్టాలో వరి కోతల కాలం అది. కోసిన మళ్ళ మధ్య నుండి, కొబ్బరి తోపుల పక్క నుండి దక్షిణంగా పది పన్నెండు కిలోమీటర్లు సాగాక, తెల్లని గోపురాలు, వాటి వెనుక ఎర్ర పెంకుల కప్పు కనిపించగానే బస్సులోని వాళ్ళంతా ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. వారిలో నుదుట కుంకుమ ఉన్నవారు చాలామందే ఉన్నారు.

ఈ ఊరిని ఒక రాజు కట్టించలేదు, ఒక మఠం స్థాపించలేదు. దాని పుట్టుక గురించి చెప్పేవన్నీ తరతరాలుగా నోటి మాటగా వచ్చిన కథలే. ఆ రోజులలో వ్రాసిపెట్టిన దస్తావేజులు లేవు. అయినా ఆ కథలలో ఎవరున్నారో గమనిస్తే ఊరి స్వభావం తెలిసిపోతుంది. మొదటి కథ పదహారవ శతాబ్దానిది. నాగపట్నంలో ఉండే యజమాని ఇంటికి పాలు మోసుకుపోతున్న కుర్రవాడు ఎండకు అలసి చెరువు గట్టున మర్రి నీడలో పడుకుంటాడు. చంకలో బిడ్డతో ఒక తల్లి కనిపించి, బిడ్డకు కాసిని పాలు పొయ్యమంటుంది. అతడు పోస్తాడు. యజమాని ఇంటికి చేరి, ఆలస్యమైందని, పాలు తగ్గాయని చెప్పి క్షమించమని వేడుకుంటాడు. మూత తీస్తే కుండ పొంగి పొర్లుతుంది. ఆ చెరువును ఇప్పుడు మాతా కుళం అంటారు. పక్కనే చిన్న ప్రార్థనా మందిరం ఉన్నది, యాత్రికులు అక్కడి నీటిని సీసాలలో పట్టుకుపోతారు. అమ్మ సీసా నింపుకుంటూ, "కుండ నిండడం దేవుడి పనిరా. పాలు తగ్గాయని దాచకుండా చెప్పాడు చూడు, అదీ ఆ పిల్లాడి గొప్పతనం" అన్నది. ఈ కథ నేను చిన్ననాటి నుండి వింటున్నదే అయినా, ఆ వైపు నుండి ఎన్నడూ ఆలోచించలేదు.

రెండవ కథలో ఉన్నది ఒక పేద విధవరాలి కొడుకు, కుంటివాడు. నడు తిట్టు అనే చోట చెట్టు నీడన కూర్చొని దారిన పోయేవారికి మజ్జిగ అమ్ముకునేవాడు. ఆ తల్లి ఇక్కడా వచ్చి బిడ్డకు మజ్జిగ అడిగి పుచ్చుకుని, నాగపట్నంలో ఉన్న ఒక కతోలిక గృహస్థు దగ్గరికి వెళ్ళి తనకొక గుడి కట్టమని చెప్పమంటుంది. నడవలేనని చెప్పబోయిన కుర్రవాడు లేచి పరుగెత్తుతాడు. ఆ గృహస్థుకు అంతకు ముందే అదే దర్శనమైంది. అలా తాటాకుల కప్పుతో మొదటి గుడి వెలిసింది. ఇక మూడవ కథ, మకావు నుండి సింహళానికి పోతూ తుఫానులో చిక్కిన పోర్చుగీసు నావికులది. బ్రతికి ఒడ్డున పడితే, పడిన చోట గుడి కట్టిస్తామని మొక్కుకున్నారు. ఈ తీరాన పడ్డారు. అది సెప్టెంబరు 8, మరియమాత జన్మదిన పండుగ. తాటాకు గుడి స్థానంలో వారు గట్టి కట్టడం కట్టారు. తరువాతి ప్రయాణాలలో బైబిలు ఘట్టాలు చిత్రించిన పింగాణీ పళ్ళేలు తెచ్చి సమర్పించారు. అవి నేటికీ పీఠం దగ్గర పొదిగి ఉన్నాయి. చీర కట్టి, బిడ్డనెత్తుకొని నిలిచిన మాత వైపే జనం చూపంతా ఉంటుంది గనుక ఆ పళ్ళేలను పట్టించుకునేవారు తక్కువ. వరుస కదలక కాసేపు ఆగవలసి వచ్చినందువల్ల వాటిని దగ్గరగా చూసే భాగ్యం నాకు కలిగింది.

పాలు మోసేవాడు, మజ్జిగ అమ్మేవాడు, దారి తప్పిన ఓడవాళ్ళు: ఈ ముగ్గురూ లేకుండా వేళాంగణి చరిత్ర లేదు. వారి పక్కన పాలకుల చరిత్ర చిన్నదిగా కనిపిస్తుంది. నాగపట్నం పోర్చుగీసుల చేతి నుండి 1658లో డచ్చివారికి, 1781లో ఆంగ్లేయులకు పోయింది. కోట చేతులు మారినప్పుడల్లా కతోలికులకు ఇక్కట్లు వచ్చి ఉంటాయి, కాని ఇక్కడి గుడికి జనం రావడం మానలేదు. 1771 దాకా ఇది నాగపట్నం విచారణకు (ఒక గురువు చూసుకునే స్థానిక సంఘానికి) అనుబంధంగా ఉండి, ఆ ఏడు సొంత విచారణ అయింది. మైలాపూరు మేత్రాసనం (బిషప్పు పాలించే ప్రాంతం) కింద ఉన్న ఈ ప్రాంతం 1952లో కొత్తగా ఏర్పడిన తంజావూరు మేత్రాసనంలోకి వచ్చింది. 1962 నవంబరు 3న ఇరవై మూడవ జాన్ పాపుగారు ఈ గుడిని బసిలికా, అంటే పాపుగారు ప్రత్యేక గౌరవమిచ్చిన గుడి, స్థాయికి పెంచారు. జనం పెరిగిన కొద్దీ 1930లలో రెండు పక్కలా, 1970లలో వెనుక వైపునా గుడిని పెంచుకుంటూ పోయారు. వెనుక భాగం రెండు అంతస్తులతో ఫ్రాన్సులోని లూర్దు మాత గుడిని గుర్తుచేస్తుంది. పాత గుడిని పడగొట్టకుండా పెంచారన్నది నాకు ఎంతో నచ్చిన సంగతి.

ఊరి అసలు ముఖం నేను చూసింది బసిలికా నుండి నడు తిట్టులోని పాత గుడికి పోయే ఇసుక దారిలో. మొక్కున్నవారు ఆ దారంతా మోకాళ్ళ మీద నడుస్తారు. మేము వెళ్ళేసరికి పొద్దెక్కి ఇసుక కాగుతున్నది. మా ముందు ఒక నడివయసు ఆవిడ, మెడలో పసుపు తాడుతో, రెండు చేతులలో కొవ్వొత్తి పట్టుకొని మోకాళ్ళ మీద సాగుతున్నది. ఆమె భర్త భుజం మీది తువ్వాలును ఆమె ముందు పరుస్తున్నాడు. ఆమె దానిని దాటగానే వెనుక నుండి తీసి, ఇసుక దులిపి, మళ్ళీ ముందుకు వచ్చి పరుస్తున్నాడు. ఒక్క మాటైనా లేదు ఇద్దరి మధ్య. చివరికి వచ్చేసరికి అతని చేతులు ఆమె మోకాళ్ళకన్నా ఎర్రగా ఉన్నాయి. మా చెల్లెలు బిడ్డను నాకిచ్చి, తానూ కొంత దూరం మోకాళ్ళ మీద నడిచింది. వద్దని పెద్దమ్మ వారిస్తే, "మొక్కు అమ్మదైనా బిడ్డ నాదే కదా పెద్దమ్మా" అన్నది.

కానుకల దుకాణాలే ఒక చరిత్ర పుస్తకం. పలుచని రేకు మీద అచ్చు పోసిన చెయ్యి, కాలు, కన్ను, గుండె, ఇల్లు. బిడ్డలు కావాలనుకునేవారికి చిన్న కొయ్య ఊయల. నిలువెత్తు కొవ్వొత్తులు, కొబ్బరి మొక్కలు, చీరలు. ఏ నొప్పి ఉన్నవారు ఆ అవయవం కొని మాత పాదాల దగ్గర పెడతారు. తలనీలాలు ఇచ్చేవారి వరుస వేరే ఉన్నది. గుండు చేయించుకొని చందనం పూసుకున్న పిల్లలను చూస్తే తిరుమల గుర్తుకు రాక మానదు. ఇవన్నీ క్రైస్తవేతరుల నుండి వచ్చిన అలవాట్లని చిన్నచూపు చూసేవారు మనలో ఉన్నారు. నేను వారితో ఏకీభవించను. పాలిచ్చిన పిల్లవాడు గాని, మజ్జిగ పోసిన పిల్లవాడు గాని జ్ఞానస్నానం పొందారా అని ఆ తల్లి అడిగినట్టు ఏ కథా చెప్పదు. 2024 ఆగస్టులో వాటికన్‌లోని విశ్వాస సిద్ధాంత విభాగం తంజావూరు మేత్రాణులకు (బిషప్పుకు) వ్రాసిన లేఖలో, క్రైస్తవులు కానివారు కూడా ఇక్కడికి వచ్చి ఊరట పొందడాన్ని మెచ్చుకుంటూ ఈ భక్తిని ఆమోదించింది. ఊరిలోని మజ్జిగ కొట్టు యజమానికి ఆ లేఖ సంగతి తెలుసునో లేదో గాని, అతని గోడ మీద మాత పటం పక్కనే మురుగన్ పటం ఉన్నది.

2004 డిసెంబరు 26 గురించి వ్రాయకుండా వేళాంగణి గురించి వ్రాయడం సరికాదు. క్రిస్మసు మరునాడు, ఆదివారం, పండుగకు వచ్చిన యాత్రికులతో ఊరు నిండి ఉన్న పొద్దున్నే సునామీ వచ్చింది. సముద్రానికీ గుడికీ మధ్య ఉన్న దుకాణాలు, ఒడ్డున ఉన్న జనం కొట్టుకుపోయారు. నాగపట్నం జిల్లాలో చనిపోయినవారు ఆరు వేలకు పైనే. వేళాంగణిలోనే వందల ప్రాణాలు పోయాయి, ఎన్నో దేహాలను సామూహికంగా పూడ్చిపెట్టవలసి వచ్చింది. బసిలికా మాత్రం నిలిచింది. అది అద్భుతమని చెప్పుకునేవారి విశ్వాసాన్ని నేను గౌరవిస్తాను, కాని గుడి నిలిచిందని చెప్పేటప్పుడు ఒడ్డున పోయినవారిని కూడా తలవాలి. వారూ ఆ తల్లి దగ్గరికి వచ్చినవారే. పెద్దమ్మ సముద్రం వైపు తిరిగి మృతుల కోసం ఒక జపమాల పూర్తి చేసే వరకు మేము అక్కడే ఉండిపోయాము.

పండుగ ఆగస్టు 29న జెండా ఎత్తడంతో మొదలై సెప్టెంబరు 8న ముగుస్తుంది. అప్పుడు కాషాయ వస్త్రాలు కట్టి వందల కిలోమీటర్లు నడిచి వచ్చేవారితో రోడ్లు నిండుతాయట. మేము వెళ్ళింది ఆ రద్దీ లేని రోజులలో గనుక, దివ్యపూజ తరువాత గుడి వెనుక కాసేపు కూర్చోగలిగాము. అక్కడ తమిళం, మలయాళం, కొంకణి, తెలుగు కలిసి వినిపిస్తున్నాయి. మా పక్కన కూర్చున్న ఫిరంగిపురం కుటుంబంతో గుణదల గురించి మాట కలిసింది. 1924లో ఫాదర్ ఆర్లాటి గారు గుణదల కొండ మీద మాత స్వరూపాన్ని నిలిపిన నాటి నుండి మన తిరునాళ్ళకూ మతంతో పనిలేకుండా జనం వస్తున్నారు. ఫిబ్రవరి 9 నుండి 11 వరకు ఆ కొండ మెట్ల మీద కొట్టే కొబ్బరికాయలు, ఇచ్చే తలనీలాలు ఇక్కడివాటి వంటివే. వారు వేళాంగణి నుండి నేరుగా గుణదలకు పోయి రెండవ మొక్కు తీర్చుకుంటామన్నారు.

తిరుగు ప్రయాణంలో నాగూరు దర్గా చూడాలని పెద్దమ్మ పట్టుబట్టింది. నాగపట్నం దాటి కాస్త ఉత్తరాన ఉన్న ఆ దర్గాలోని అతి ఎత్తైన మినారును కట్టించింది తంజావూరు మరాఠా రాజు ప్రతాప్ సింగ్. వేళాంగణి బస్సులో మాతో పాటు దిగిన గుండు పిల్లల తండ్రి ఒకాయన దర్గా వాకిట్లో మళ్ళీ ఎదురై, సాయంత్రానికి సిక్కల్‌లో మురుగన్ దర్శనం కూడా చేసుకొని ఇంటికి పోతామని, వాళ్ళ నాన్న కాలం నుండి ఈ మూడూ చూడకుండా తిరిగి వెళ్ళిన ఏడు లేదని చెప్పాడు.