ఎవరి కట్ట వాళ్ళకి

మంగళవారం. ఐదుంపావుకే మెలకువ వచ్చింది. గోదావరి గట్టు దాకా వెళ్దామనుకున్నాను గానీ మోకాలు ఒప్పుకోలేదు, వీధి చివరి నుంచే వెనక్కి తిరిగాను. కాఫీ తాగుతూ ఫోన్లో కాజ్ లిస్టు, అదే ఆ రోజు కోర్టుకొచ్చే కేసుల జాబితా, తీశాను. అందులో నా కేసు ఒక్కటీ ఉండదు. నిరుడు ఉగాదికే ఉన్న నాలుగు వకాలతులూ జూనియర్ పేరు మీదికి మార్పించేశాను. అయినా ఏ కోర్టులో ఎవరి అపీలు ఎన్నో నంబరులో ఉందో చూడకపోతే కాఫీ దిగదు. మా ఆవిడ దీన్ని పక్కింటి వాళ్ళ ఉత్తరాలు చదవడం అంటుంది.

మంగళవారాలు గుమాస్తా వస్తాడు. ముప్పై ఏళ్ళ పైమాట నా దగ్గర. ఇప్పుడు జీతం లేదు, వద్దన్నా వస్తాడు. పని పాత కేసుల కాగితాల కట్టలు విప్పడం. మేడ మెట్లు ఇక నావల్ల కాదు కాబట్టి ముందు గది పడకగది కావాలి. ముందు గది అంటే నా ఆఫీసు. నాలుగు బీరువాలు, రెండు అటకలు, యాభై ఏళ్ళు. వాల్తేరులో లా చదివి, 1974లో హైదరాబాద్ వెళ్ళి ప్లీడరుగా ఎన్‌రోల్ అయి, రాజమండ్రి వచ్చి ఈ గదిలో బల్ల వేసుకున్నాను. అప్పటికి హైకోర్టు హైదరాబాద్‌కి వచ్చి పద్దెనిమిదేళ్ళు. మా సీనియర్ గారైతే మద్రాసు, గుంటూరు, హైదరాబాద్ మూడు హైకోర్టులకూ అపీళ్ళు మోసిన మనిషి. 1954కి ముందు మద్రాసు మెయిలెక్కేవారట, తర్వాత రెండేళ్ళు గుంటూరు. నాకు 2019 జనవరిలో అమరావతి కూడా దక్కింది కాబట్టి లెక్కలో ఆయన కంటే ఒకటే తక్కువ.

పుస్తకాల సంగతి తేలింది, అంటే తేలలేదు. ఏఐఆర్లు, ఏఎల్‌టీలు, అంటే కోర్టు తీర్పుల సంపుటాలు, ఎర్ర తోలు బైండింగులతో గోడంతా ఉన్నాయి. బార్ లైబ్రరీలో చోటు లేదన్నారు. ఒక లా కాలేజీ వాళ్ళు అన్నీ ఆన్‌లైన్లో ఉన్నాయి సార్ అన్నారు. పాత పుస్తకాలవాడు వచ్చి ఒక సంపుటం చేత్తో బరువు చూసి, "అట్టలు చింపి ఇస్తే ఒక రేటండి, అట్టలతో అయితే ఇంకో రేటండి" అన్నాడు. తీర్పుల కన్నా అట్ట తేలిక కాబోలు. తర్వాత రమ్మని పంపేశాను.

కట్టలతో వచ్చిన చిక్కు వేరు. పుస్తకాలు నావి. కట్టలు నావి కావు.

గుమాస్తా మూడు కుప్పలు పెట్టాడు. ఇచ్చేయాల్సినవి, చింపేయాల్సినవి, తెలియనివి. మూడోదే పెద్దదవుతోంది. ఒక్కో కట్టలో ప్లెయింటు, అంటే దావా అర్జీ, కార్బన్ కాపీ, సాక్షుల వాంగ్మూలాలు, అవతలి సాక్షుల కోసం నేను రాసుకున్న క్రాస్ ప్రశ్నలు, పార్టీలు, అంటే నా క్లయింట్లు, రాసిన పోస్టుకార్డులు. "గౌరవనీయులైన ప్లీడరు గారికి, మన వాయిదా ఎప్పటికి పడినదీ తెలుపగలరు. ఊళ్ళో కోతలు మొదలైనవి." ఇలాంటివి వందలు. కొన్ని కట్టల్లో అసలు దస్తావేజులే ఉన్నాయి. దావాలో రుజువుగా, ఎగ్జిబిట్‌గా వేసిన కాగితం, అపీలు గడువు దాటాకో అపీలు తేలాకో సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 13 రూల్ 9 కింద అర్జీ పెట్టి వెనక్కి తీసుకోవాలి. మేము తీసుకున్నాం. పార్టీ మా దగ్గర్నుంచి తీసుకోలేదు. గెలిచినవాడు సంబరంలో రాలేదు, ఓడినవాడు మొహం చెల్లక రాలేదు.

ఇవి కాక 1986 కట్టలు. ఆ ఆగస్టులో గోదావరి వచ్చినప్పుడు లంకల్లో ఇళ్ళ చూరులు మునిగాయి. నీళ్ళు తీశాక కొందరు తడిసిన దస్తావేజులు గుడ్డల్లో చుట్టుకుని వచ్చి, "మా దగ్గరుంటే మళ్ళీ ఏటికే పోతాయండి, తమరి బీరువాలో ఉంచండి" అని ఇచ్చిపోయారు. కేసు లేదు, ఫీజు లేదు, రసీదు లేదు. వాటిని వరండాలో దండెం మీద ఆరేసింది మా ఆవిడే. ఇవాళ ఒక కట్ట విప్పితే మడతల్లోంచి మన్ను రాలింది.

పదకొండింటికి జూనియర్ ఫోన్. "గురువుగారూ, ఒక పెద్దాయన 144 సెక్షన్ కింద వేయమంటున్నారు, మనోవర్తి కోసమా, ఊళ్ళో గొడవ కోసమా అర్థం కావట్లేదు" అని నవ్వుతున్నాడు. 2024 జూలై 1న కొత్త క్రిమినల్ చట్టాలొచ్చి సెక్షన్ల నంబర్లు మారిన దగ్గర్నుంచి ఇదే తంతు. గుంపులు కూడకూడదన్న 144 ఇప్పుడు 163కి పోయింది. పాత 125 మనోవర్తి వచ్చి 144 అయింది. హైకోర్టులో కేసు కొట్టేయించుకునే 482 నంబరు ఇప్పుడు ముందస్తు బెయిలుది. 420 అన్నమాట తెలుగువాళ్ళ నోట్లోంచి ఎవరూ తీయలేరు గానీ చట్టంలో అది 318. పోనీ పాతవి మరిచిపోదామా అంటే ఆ తేదీకి ముందు జరిగిన నేరాలకు ఇంకా అవే. క్రిమినల్ వైపు నా ఈడు వాళ్ళు ముగ్గురు ఈ దెబ్బకే కోర్టు మానేశారు. సివిల్ వాణ్ణి కాబట్టి 1908 నాటి కోడ్‌తోనే వెళ్ళబుచ్చాను. అదృష్టం.

డ్రాయర్లో అడ్వకేట్ల సంక్షేమనిధి ఫారం ఉంది, జూనియరే తెచ్చి పెట్టాడు. ఏళ్ళ తరబడి వకాలతుకు ఆ నిధి స్టాంపు అంటించాం, అందులోంచి మనకు రావాల్సిన డబ్బు రావాలంటే ప్రాక్టీసు మానేశానని రాసిచ్చి సన్నదు, అంటే ప్లీడరీ పట్టా, అప్పజెప్పాలి. నాతో చదివి జడ్జీగా వెళ్ళినవాడికి ఒకటో తారీఖున పింఛను పడుతుంది. మాకు ఏదైనా ఉందంటే ఇదే. మావాడు అమెరికా నుంచి, "నాన్నా, మీరు ఎలాగూ కోర్టుకి వెళ్ళట్లేదుగా, సంతకం పెట్టడానికేం?" అంటాడు. అవును, ఏం? మూడు నెలలైంది, ఫారం నింపడం అయింది, సంతకం చోటు ఖాళీగా ఉంది. కోర్టు మానేశాను అనడం వేరు, ప్లీడర్ని కాను అని రాయడం వేరు.

రెండేళ్ళ కిందట సాక్షిగా బోనెక్కిన రోజు గుర్తొచ్చింది. పాత వీలునామా మీద సాక్షి సంతకం చేసినవాళ్ళలో బతికున్నది నేనొక్కణ్ణే, సమన్లు వచ్చాయి. అవతలి కుర్ర ప్లీడరు బాగానే అడిగాడు. "రాసినాయన సంతకం చేస్తుండగా మీరు కళ్ళారా చూశారా?" చూశాను. "మీకు శుక్లాల ఆపరేషన్ ఎప్పుడైంది?" అక్కడ నాకే నవ్వొచ్చింది. ఆ ప్రశ్న నేను ఎంతమందిని అడిగానో.

భోజనం చేసి కునుకు తీస్తుండగా, నిన్న ఫోన్ చేసిన ఒక అబ్బాయి వచ్చాడు. ముప్పై ఉంటాయి, హైదరాబాద్‌లో ఉద్యోగం. ఊరి పేరు, మనిషి పేరు ఇక్కడ రాయను. క్లయింటు సంగతులు బయటపెట్టకుండా వకీలు నోరు కట్టేసే సాక్ష్య చట్టం 126వ సెక్షన్ ఇప్పుడు కొత్త చట్టంలో 132 అయింది గానీ, పని ముగిశాక కూడా ఆ కట్టుబాటు ఉంటుందన్న మాట మారలేదు. కోనసీమలో ఒక లంక అనుకుందాం.

"ప్లీడరు గారండీ, మా తాతగారి కాగితాలు మీ దగ్గరున్నాయని నాన్న అనేవారండి" అన్నాడు. వాళ్ళ నాలుగెకరాలు 1983లో దావాకెక్కి, మేం గెలిచి, ఆ తర్వాత కొన్నేళ్ళకే సగం పైగా ఏటి కోతకు పోయింది. ఇప్పుడు అక్కడ మేట వేస్తోందట. పాత గట్లెక్కడో ఎవరికీ తెలియదు, ఎవరి కర్ర వాళ్ళు పాతుతున్నారు. పోయిన నేల తిరిగి లేస్తే అది ఎవరిదన్నది లంక కేసుల్లో నేను ఇరవై ఏళ్ళు వాదించిన సంగతి. నోటి చివరి దాకా వచ్చింది. సర్వే నంబరు అడిగేశాను కూడా. మా ఆవిడ లోపలి నుంచి దగ్గింది. జూనియర్ నంబరు ఇచ్చాను.

గుమాస్తా రెండో అటక మీంచి కట్ట దించాడు. పైన నా చేతిరాతతో ఎర్ర సిరా చీటీ, గుండుసూదితో గుచ్చి ఉంది. "ఫీజు బాకీ రూ. 600. ముట్టేదాకా కట్ట ఇవ్వరాదు. 1989."

నేను తీసేలోపే ఆ అబ్బాయి చదివాడు.

ఆ రోజుల్లో అందరం అదే చేసేవాళ్ళం. ఫీజుకి కట్టే తనఖా. పార్టీ వేరే ప్లీడరు దగ్గరకు పోవాలంటే ముందు మన బాకీ తీర్చాలి. అది హక్కనే అనుకున్నాం, మా సీనియర్ గారూ అదే నేర్పారు. 2000లో సుప్రీంకోర్టు సాక్సేనా కేసులో ఆ హక్కు లేదు పొమ్మంది. కాగితం పార్టీది, ఫీజు రాకపోతే దానికి వేరే దారి చూసుకో, కట్ట పట్టుకుని కూర్చోవడం వృత్తిదోషం అని. ఆ తీర్పు మీద మా బార్‌లో నేనే మాట్లాడాను, నోట్సు కూడా ఎక్కడో ఉండాలి. మాట్లాడి ఇంటికొచ్చి అటక వైపు చూశానా? చూడలేదు. ఈ అబ్బాయి తాతగారు అడగడానికి రాలేదు కాబట్టి నేను ఆపినట్టు కాదని సర్దుకున్నానేమో. ఆరు వందలు లేకే ఆయన రాలేదని ఇవాళ తెలిసింది. "తాతగారు ఫీజు సర్దుకుని వెళ్దాం, ఉత్త చేతుల్తో ఎలా వెళ్తాం అనేవారటండి" అన్నాడు అబ్బాయి, మామూలుగానే.

ఆ మాటతోనే పర్సు తీశాడు. అయిదు వందల నోటు, వంద నోటు. బల్ల మీద పెట్టాడు. "వడ్డీ కూడా చెప్పండి" అంటూ నవ్వాడు. వెటకారం లేదు, అందుకే ఇంకా ఇబ్బందిగా ఉంది. డబ్బు వెనక్కి తోశాను. తీసుకోనన్నాడు. చివరికి గుమాస్తా ఆ నోట్లు మడిచి అబ్బాయి జేబులో పెట్టి, "అయ్యగారు వద్దంటే వద్దండి బాబూ" అన్నాడు.

రసీదు మాత్రం రాయించుకున్నాను, అలవాటు పోదు. అసలు దస్తావేజులు మూడు, శిస్తు రసీదులు తొమ్మిది, డిక్రీ నకలు ఒకటి ముట్టినవి. అతను సంతకం పెట్టే ముందు ఒక్కో కాగితం విప్పి చూశాడు. అమ్మకం దస్తావేజు హద్దుల దగ్గర ఆగి, "తూర్పు గోదావరి అని ఉందండి, అంటే జిల్లానా?" అన్నాడు. కాదు బాబూ, తూర్పు హద్దు గోదావరి అన్నాను.

వెళ్తూ వెళ్తూ కారులోంచి కొబ్బరికాయల బస్తా దించి అరుగు మీద పెట్టాడు. దానికి రసీదు అడగలేదు. మా ఆవిడ ఎక్కువ కాయలున్నాయని వీధిలో నాలుగిళ్ళకి పంచింది.

సాయంత్రం గుమాస్తా చేతులు కడుక్కుని, వెళ్ళకుండా గుమ్మంలో నిలబడ్డాడు. "అయ్యగారండీ, ఎర్ర చీటీ ఉన్నవి ఇంకా పదకొండు కట్టలున్నాయండి. వేరే పెట్టాను."

ఎప్పట్నుంచి తెలుసు అని అడగలేదు. అవన్నీ గుచ్చింది అతనే.

రాత్రి పదకొండు కట్టలూ బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాను. ఇద్దరు లేరని నాకు తెలుసు. మిగతావాళ్ళ ఊళ్ళు వాళ్ళు నాకు రాసిన కార్డుల మీదే ఉన్నాయి, వాయిదా ఎప్పుడో తెలుపగలరు అంటూ. ఆ చిరునామాలకే రాస్తాను, పిల్లలెవరైనా ఉంటే అందుతుంది. ఇంట్లో వెతికితే కార్డు ఒక్కటీ లేదు. పొద్దున్న పోస్టాఫీసు తెరవగానే ఒక డజను తెమ్మని గుమాస్తాకి ఫోన్ చేయబోయి, మానేశాను. నేనే వెళ్తాను.