గురువారం ఇళ్ల నుంచి రాడ్‌మెల్ దాకా

లండన్ గార్డన్ స్క్వేర్‌లో 46వ నంబరు ఇంటి గోడంతా వెతికినా ఇంగ్లిష్ నవలా రచయిత్రి వర్జీనియా వుల్ఫ్ పేరు కనబడదు. ప్రముఖులున్న ఇళ్లకు లండన్‌లో పెట్టే నీలం ఫలకం మీద ఉన్నది ఆర్థికవేత్త కీన్స్ పేరు. హన్మకొండ నుంచి పోయిన మేం ముగ్గురమూ మొదట బోల్తా పడింది ఇక్కడే. ఇల్లు మాత్రం అదే. తండ్రి పోయాక 1904లో అన్న థోబీ, అక్క వనెస్సా, తమ్ముడు ఏడ్రియన్‌తో ఆమె చేరింది ఇందులోనే. 1916లో కీన్స్ వచ్చాడు, ఫలకం ఆయనకు దక్కింది. ఆమెకంటూ విడిగా ఉన్న ఫలకం కావాలంటే పావుగంట నడిచి ఫిట్జ్‌రాయ్ స్క్వేర్ 29కి పోవాలి. తర్వాత ఆమె ఉన్న బ్రన్స్‌విక్ స్క్వేర్ 38 కోసం తిరగకండి, ఆ ఇల్లు ఎప్పుడో కూలగొట్టారు.

ఈ పేట పేరుతో పిలిచే బ్లూమ్స్‌బరీ బృందం అంటే రచయితలు, చిత్రకారుల పెద్ద సంఘమేదో అనుకుంటాం. సభ్యత్వం లేదు, రసీదు పుస్తకం లేదు. 1905లో థోబీ తన కేంబ్రిడ్జి దోస్తులను గురువారం రాత్రుళ్లు ఇంటికి రమ్మన్నాడు. కోకో, బన్నులు, విస్కీ, అర్ధరాత్రి దాటేదాకా వాదనలు, అంతే. మరుసటి ఏడే టైఫాయిడ్‌తో థోబీ పోయాడు. దోస్తులు మాత్రం రావడం మానలేదు. వాళ్లలో క్లైవ్ బెల్‌ను 1907లో వనెస్సా చేసుకుంది. సిలోన్‌లో ఏడేళ్లు కొలువు చేసి వచ్చిన లియొనార్డ్ వుల్ఫ్‌ను 1912లో వర్జీనియా చేసుకుంది.

పక్కనే టావిస్టాక్ స్క్వేర్. తోట నడుమ గాంధీ, మూలకు వర్జీనియా శిల్పం. వాళ్ల 52వ నంబరు ఇల్లు 1940లో బాంబుకు పోయింది. ఆ చోట ఇప్పుడు హోటల్. భార్యాభర్తలు నడిపిన, మన నవలాకారుడు ముల్క్‌రాజ్ ఆనంద్ ప్రూఫులు దిద్దిన హోగార్త్ ప్రెస్ ఉన్నది ఆ ఇంటి కింది అంతస్తులోనే. ప్రెస్ పుట్టింది మాత్రం రిచ్‌మండ్‌లో, 1917లో, దాదాపు 19 పౌండ్లకు కొన్న బల్ల మీది చేతి యంత్రంతో. లియొనార్డ్‌కు చేతులు వణికేవి కాబట్టి కంపోజింగ్ ఆమెది, అచ్చువేయడం ఆయనది. మొదట్లోనే హెచ్‌లూ ఎన్‌లూ కలిపేసింది. వరంగల్‌లో ట్రెడిల్ ప్రెస్సులు నడిచిన రోజులు ఎరిగినవాళ్లకు ఆ తిప్పలు చెప్పక్కర్లేదు: ఒక అక్షరం కేసులో పక్క గడిలో పడితే, తర్వాత కూర్చే ప్రతి పేజీలోనూ తప్పే. మొదటి పుస్తకం 150 ప్రతులు, భార్యాభర్తలవి చెరో కథ.

వాళ్ల పల్లెటూరి ఇల్లు మంక్స్ హౌస్ ఉన్న రాడ్‌మెల్‌కు ఇంకో రోజు ఉంచుకోండి. విక్టోరియా స్టేషన్ నుంచి లూయిస్ సుమారు గంట. అక్కడ సీఫర్డ్ బండి ఎక్కి సౌతీజ్‌లో దిగాలి. బండి గంటకొకటే. ఊజ్ నది వంతెన దాటి మైలు నడక. నది పక్క బాట భద్రకాళి చెరువు కట్టలా ఉండదు, వాన పడితే బురదే, బూట్లు తప్పనిసరి. మంక్స్ హౌస్ రోజూ తెరవరు, చలికాలమైతే అసలే తెరవరు. తేదీ చూసుకున్నాకే టికెట్ కొనండి.

1919లో వేలంలో 700 పౌండ్లకు కొన్నారు ఈ ఇంటిని. 1926 దాకా మరుగుదొడ్డి తోటలోనే. ఆమె పుస్తకాలు ‘మిసెస్ డాలొవే’, ‘కామన్ రీడర్’ సొమ్ముతో లోపల రెండు కట్టించారు. పడకగది కోసం ఇల్లంతా తిరిగితే దొరకదు. 1929లో కలిపిన ఆ గదికి ఇంట్లోంచి తలుపే లేదు, తోటలోకి దిగి చుట్టూ పోవాలి. రాయాలనుకునే ఆడవాళ్లకు ఏడాదికి 500 పౌండ్లు, తాళమున్న గది కావాలని ఆమె రాసిందీ ఆ ఏడే. వాన రాత్రి పడుకోబోయినా తడవాల్సిందే! పొయ్యి పలకల మీద వనెస్సా గీసిన లైట్‌హౌస్, అరలో వర్జీనియా తన చేత్తో రంగు కాగితం అట్టలు వేసుకున్న షేక్‌స్పియర్ సంపుటాలు. తొందరపడకండి, అరగంట అక్కడే పెట్టండి.

1941 మార్చి 28న కోటు జేబులో రాయి వేసుకుని ఆమె దిగింది ఆ ఊజ్‌లోకే. సముద్రపు పోటు ఇక్కడిదాకా వస్తుంది, ఒడ్డు నిలువు, నీటి జోరు ఎక్కువ. ఫొటో కోసం అంచుకు పోకండి. అస్థికలు ఇంటి తోటలోనే పూడ్చారు.

వనెస్సా ఉన్న చార్లెస్టన్ నదికి అవతలి వైపు. అక్కను చూడ్డానికి ఆమె గుట్టల మీదుగా నడిచి కూడా పోయేది. మనం మాత్రం రెండిళ్లూ ఒకే రోజులో ఇరికించొద్దు. చార్లెస్టన్‌లో గోడలు, తలుపులు, బల్లలు అన్నీ బొమ్మలే, వాటికే పూట చాలదు. మరునాడు లూయిస్ నుంచి టాక్సీ మాట్లాడుకోండి, వాపసుకూ అదే మాట్లాడుకోండి. చార్లెస్టన్ దగ్గర రోడ్డు మీద నిలబడితే ఆటో దొరకదు మరి.