యెరికోలో ఎవరూ ఆగని చోటు

యెరికో వెళ్లే మన యాత్రికుల బస్సులన్నీ ఒకే వరసలో తిరుగుతాయి. జక్కయ్య ఎక్కిన మేడిచెట్టు, ఎలీషా ఊట, శోధన కొండకు కేబుల్ కారు, చివర ఖర్జూరాల షాపు. మా బస్సూ అంతే. ఆ షాపులోనే గంట పైగా కూర్చోబెట్టారు. గ్లాసు దానిమ్మ రసం మన లెక్కలో దాదాపు ఐదు వందలు పడింది. ఊరి అంచునే యూదుల రాజు హేరోదు చలికాలపు రాజభవనాల శిథిలాలు ఉన్నాయి, పావుగంట ఆపమంటే "అక్కడేముంది సార్, రాళ్లేగా" అన్నాడు గైడు. నాకు చాలా కోపం వచ్చింది. ఆ రాళ్ల మధ్యే ఒక పద్దెనిమిదేళ్ల కుర్రాణ్ణి నీళ్లలో ముంచి చంపారు.

మర్నాడు మావాళ్లు షాపింగ్‌కి వెళ్తుంటే నేను విడిగా బయల్దేరాను. యెరూషలేములో దమస్కు ద్వారం దగ్గర బస్సెక్కి బేతనియ, అక్కణ్ణుంచి యెరికోకు షేర్ వ్యాన్. సీట్లన్నీ నిండేదాకా వ్యాన్ కదల్లేదు. సముద్ర మట్టం గుర్తు దాటాక కూడా రోడ్డు ఇంకా కిందికే దిగుతుంది, చెవులు మూసుకుపోయాయి. రెంటచింతల ఎండలో పెరిగిన నాకు కూడా ఆ వేడి కొత్తగానే అనిపించింది. యెరికోలో మాట్లాడుకున్న టాక్సీ పెద్దాయన మొదట కేబుల్ కారు దగ్గరికే తీసుకెళ్తానన్నాడు. "తులూల్ అబూ అల్ అలాయిక్" అని ఆ శిథిలాలున్న చోటు పేరు నేను కూడబలుక్కుని చెబితే అద్దంలోంచి ఒకసారి నన్ను చూసి బండి తిప్పాడు.

వాదీ కెల్త్ వాగుకు రెండు వైపులా దిబ్బలు, గోడల మొదళ్లు. కొన్ని గోడలకు రోమన్ల పద్ధతిలో చిన్న రాళ్లను వలలా ఐమూలగా పేర్చారు. అవి హేరోదు కట్టించినవి. అంతకన్నా పాతవి హేరోదుకు ముందు యూదులను ఏలిన హస్మోనీయ రాజులవి, అంటే మక్కబీయుల వంశం వాళ్లవి. వాగు నీటిని కాలువల్లో ఇక్కడికి మళ్లించి తోటలు, ఈత కొలనులు కట్టుకున్నారు. పక్కపక్కనే ఉన్న రెండు పెద్ద కొలనుల ఆనవాళ్లు 1970లలో మొదలైన తవ్వకాల్లో పురావస్తు శాస్త్రవేత్త ఎహూద్ నెట్జర్ బృందానికి దొరికాయి. నేను వచ్చింది వాటికోసమే.

నీళ్లలో ముంచి చంపిన ఆ కుర్రాడి పేరు అరిస్టోబూలస్, హస్మోనీయ వంశం వాడే. తల్లి వైపు తాత రెండవ హిర్కానస్, తండ్రి వైపు తాత రెండవ అరిస్టోబూలస్. సింహాసనం కోసం కొట్టుకున్న అన్నదమ్ములే ఆ తాతలిద్దరూ. ఇతను నాలుగైదేళ్ల పసివాడిగా ఉన్నప్పుడే క్రీ.పూ. 49లో రోమన్ల అంతర్యుద్ధంలో తండ్రి తల నరికారు. అదే ఏడు తండ్రి వైపు తాతకు విషం పెట్టారు. శరీర లోపం ఉన్నవాడు మళ్లీ యాజకుడు కాలేడని తల్లి వైపు తాత చెవులు కోశారు. క్రీ.పూ. 37లో హేరోదు యెరూషలేమును పట్టుకున్నాక చిన్నాన్న అంతిగొనస్‌ను కూడా చంపారు. రాకుమారుడు అనగానే మనం ఊహించుకునే సుఖాల్లో ఒక్కటి కూడా అతనికి దక్కిందనిపించదు.

హేరోదు అతనికి బావ, అక్క మరియమ్నె భర్త. మా ఊరి క్రిస్మస్ నాటకంలో కత్తి దూసి "పసిపిల్లలనందరినీ చంపండి" అని అరిచే హేరోదు ఒక్కడే చిన్నప్పుడు నాకు తెలుసు. అతని ఇంట్లో జరిగినవి ఎవరూ చెప్పలేదు. అతను ఎదోమీయుల వంశం వాడు, యాజక వంశం కాదు, కాబట్టి ప్రధాన యాజకుడు కాలేడు. ఆ పదవిని బబులోను నుంచి రప్పించిన హననేలుకు ఇచ్చాడు. కొడుక్కి దక్కాల్సింది వేరేవాడికి పోయిందని తల్లి అలెగ్జాండ్రా ఏకంగా ఐగుప్తు రాణి క్లియోపాత్రాకు ఉత్తరం రాసింది. ఒత్తిడి పెరిగేసరికి హననేలును దించి పదిహేడేళ్ల బావమరిదిని ఆ పీఠం మీద కూర్చోబెట్టాడు హేరోదు. అయినా తల్లికి భయం పోలేదు. శవపేటికల్లో దాక్కుని ఐగుప్తుకు పారిపోవాలని తల్లీకొడుకులు చూస్తే, దారిలోనే దొరికిపోయారు.

ఆ తర్వాత పర్ణశాలల పండుగ వచ్చింది. ఎత్తుగా, అందంగా ఉన్న ఆ అబ్బాయి యాజక వస్త్రాలతో బలిపీఠం దగ్గరికి నడుస్తుంటే జనం ఆనందం పట్టలేక కేకలు వేశారని, ఏడ్చారని మొదటి శతాబ్దపు యూదు చరిత్రకారుడు జోసీఫస్ రాశాడు. అతను చేసిన నేరం అంతే, జనానికి నచ్చాడు. పండుగ అయ్యాక యెరికోలో అలెగ్జాండ్రా విందు ఇచ్చింది. ఉక్కపోతగా ఉందని అందరూ కొలనుల దగ్గరికి చేరారు. చీకటి పడే వేళ, హేరోదు మనుషులు ఆటలాడుతున్నట్టే అతని తలను నీళ్లలోకి అదిమి, ప్రాణం పోయేదాకా పైకి రానివ్వలేదు. అది క్రీ.పూ. 35 ప్రాంతం.

టాక్సీ పెద్దాయన నీడ కోసం గోడ వారన కూర్చుని, వచ్చీ రాని ఇంగ్లీషులో ఇదంతా నా చేత చెప్పించుకున్నాడు. మొదట కొంచెం తొందరపెట్టాడు గానీ, కొలను మాట రాగానే సిగరెట్ ఆర్పేశాడు. అంతా విని ఒక్కటే అడిగాడు. "వాళ్లమ్మకు తెలిసిందా, ఎవరు చేశారో?"

తెలిసింది. తెలిసీ తెలియనట్టే ఉండిపోయింది, బతికుండి పగ తీర్చుకోవాలని. హేరోదు అందరి ముందూ కన్నీళ్లు పెట్టి, ఘనంగా అంత్యక్రియలు చేయించాడు. ఆమె మళ్లీ క్లియోపాత్రాకు రాసింది. రోమన్ల తరఫున తూర్పు దేశాలను ఏలుతున్న ఆంటోనీ హేరోదును లవొదికయకు పిలిపించి విచారించాడు గానీ, కానుకలు పుచ్చుకుని వదిలేశాడు. కొన్నేళ్లకు మరియమ్నెను, తర్వాత అలెగ్జాండ్రాను కూడా హేరోదే చంపించాడు. మరియమ్నెకు పుట్టిన తన కొడుకులిద్దరిని క్రీ.పూ. 7లో గొంతు నులిమించాడు. అందులో ఒకడికి చనిపోయిన మేనమామ పేరే పెట్టుకున్నారు.

క్రీ.పూ. 31 భూకంపం తర్వాత హేరోదు ఇక్కడ మళ్లీ భవనం కట్టుకుని, ఆ జంట కొలనులను కలిపి ఒకటే పెద్ద కొలను చేయించాడట. బావమరిది పోయిన నీళ్ల పక్కనే విందులు చేసుకున్నాడు. దీన్నెలా అర్థం చేసుకోవాలో నాకు ఇప్పటికీ తెలియడం లేదు.

తిరుగు ప్రయాణంలో పెద్దాయన ముందు మాట్లాడుకున్న దానికన్నా కొంచెం తక్కువే తీసుకున్నాడు. యెరికో వెళ్లేవాళ్లు గైడుతో బయల్దేరే ముందే గట్టిగా చెప్పండి, షాపు దగ్గర ఒక అరగంట తగ్గించమని. పొద్దున్నే వెళ్లండి, అక్కడ నీడ దొరకదు. నేను వెళ్లినప్పుడు టిక్కెట్టు లేదు, మంచినీళ్లు అమ్మేవాళ్లూ లేరు.