ఒక లేసు పువ్వు అల్లేంత సేపు

నాకు నలభై ఆరేళ్లు. నరసాపురం దగ్గర పల్లె మాది. లేసు అల్లుతాను. మూడేళ్ల కిందట ఊళ్లో ఆడవాళ్లకి క్యాన్సర్ పరీక్షలు పెట్టారు. "ముప్పై దాటినవాళ్లు ఐదేళ్లకోసారైనా చేయించుకోవాలండి పిన్నిగారూ" అని ఆశా అమ్మాయి ఇంటికొచ్చి చెప్పింది. ఆర్డరు ఇచ్చేయాలమ్మా అని తప్పించుకున్నాను. అసలు సంగతి సిగ్గు. ఇద్దర్ని కన్నాను కానీ, ఆ బల్ల మీద పడుకోవాలంటే ఒళ్లు బిగుసుకుపోయేది.

పోయిన ఏడు మళ్లీ పెట్టారు. వదినకి తోడుగా వెళ్లి బయట కూర్చున్నాను. చేతిలో ఉన్న లేసు పువ్వు పూర్తి కాకముందే ఆవిడ వచ్చేసింది.

"అయిపోయిందా?"

"అయిపోయింది. నువ్వూ వెళ్లు."

లోపల డాక్టరమ్మ ముందు రొమ్ములు, చంకలు తడిమి చూశారు. గడ్డ తగిలితే నొప్పి లేదు కదా అని ఊరుకోవద్దన్నారు. తర్వాత గర్భసంచి ముఖద్వారానికి దూదితో ఏదో రాశారు. వెనిగర్‌లో ఉండే యాసిడేనట. కాస్త చురుక్కుమంది. ఒక నిమిషం ఆగి లైటు వేసి చూస్తే తెల్ల మచ్చ తేలింది.

నాకు తెల్లబట్ట లేదు, మధ్యలో రక్తం కనబడలేదు, నొప్పీ లేదు. "ఇది క్యాన్సరని కాదు, కానీ వదిలేయకూడదు" అని పెద్దాసుపత్రికి రాశారు. అక్కడ భూతద్దంలాంటి మిషనుతో చూసి, చిన్న ముక్క తీసి పరీక్షకి పంపారు.

రిపోర్టు రావడానికి పన్నెండు రోజులు. ఆ టెన్షన్‌లో కుట్లు లెక్క తప్పి ఎన్నిసార్లు విప్పానో. ఊళ్లో ఆర్‌ఎంపీ "గర్భసంచి తీయించేయండి, గొడవ వదిలిపోద్ది" అన్నాడు. మా వైపు నడుంనొప్పికీ ఇదే మందు!

రిపోర్టులో సిఐఎన్ 3 అని ఉంది. కణాలు బాగా మారాయి, ఇంకా క్యాన్సర్ కాలేదు. హెచ్‌పీవీ అనే వైరస్ వల్లట, ఆలుమగల కలయికలో అంటుకుంటుందట. చాలామందికి వచ్చి దానంతటదే పోతుంది, కొందరిలో ఏళ్ల తరబడి ఉండిపోతుంది. మా ఆయన్ని నేను అనుమానించాను, దాచడమెందుకు. "ఎప్పుడో పెళ్లయిన కొత్తలో వచ్చిందైనా కావచ్చు, ఎవర్నీ తప్పుపట్టకండి" అన్నారు డాక్టరమ్మ.

గర్భసంచి తీయలేదు. అక్కడి వరకే మత్తిచ్చి, కరెంటు పారే సన్నటి తీగతో ఆ కాస్త భాగం తీసేశారు. సాయంత్రానికి ఇంటికి వచ్చేశాను. నెల రోజులు బరువులు ఎత్తొద్దన్నారు, మా ఆయనతో కలవొద్దన్నారు. బిందెలు మా ఆయనే మోశాడు. వీధిలో నవ్వారు, నవ్వనీ.

ఆరు నెలలకి చూపిస్తే శుభ్రంగా ఉందన్నారు. ఇంకా చాలా ఏళ్లు చూపించుకుంటూ ఉండాలి. పదమూడేళ్ల మేనకోడలికి హెచ్‌పీవీ టీకా రెండు డోసులూ వేయించాం.

మా తోడికోడలు మాత్రం ఇప్పటికీ కదల్లేదు. మొన్న అరుగు మీద కూర్చుని దారం చుడుతూ, తల ఎత్తకుండానే అడిగింది: "ఆ డాక్టరు ఆడమనిషేనా అక్కా?"

అవునన్నాను.

"లోపలికి నువ్వు కూడా రావచ్చా?"