అధ్యాయాల అంకెలు తీసేసి చదివితే: నా అనుభవం

గుంటూరులో మా శనివారం బైబిలు స్టడీకి వాక్యభాగం సిద్ధం చేసేటప్పుడు నేను ముందు చేసే పని అంకెలు తీసేయడం. అధ్యాయాల నంబర్లు, వచనాల నంబర్లు, ఉపశీర్షికలు ఏవీ లేకుండా, పంక్తికీ పంక్తికీ మధ్య వేలెడు ఖాళీ వదిలి ఒకవైపే ప్రింటు తీస్తాను. బ్రాడీపేటలో ఏ జిరాక్సు షాపులోనైనా తీసిస్తారు. ఇప్పుడున్న అధ్యాయాల విభజన 13వ శతాబ్దానిది, కొత్త నిబంధన వచనాల నంబర్లు 1551వి. రాసినవాళ్లకు వీటితో సంబంధం లేదు. యెషయా 53 అని మనం పిలిచే సేవకుని గీతం 52:13లోనే మొదలవుతుంది. ‘నా ప్రాణమా, నీవు ఏల క్రుంగియున్నావు’ అన్న పల్లవి కీర్తన 42లో రెండుసార్లు, 43లో ఒకసారి వస్తుంది. ఆ రెండూ కలిపి ఒకే పాటగా చదవాలి.

తర్వాత రంగు పెన్సిళ్లు. మొదటి మాట చివరిదానితో, రెండోది చివరినుంచి రెండోదానితో అద్దంలోలా జతకలిసే అమరిక ఉందేమో చూడటానికి. తిరిగొచ్చే మాటలకు ఒక రంగు, అంకెలకు ఒకటి, మనుషులకూ చోట్లకూ ఇంకొకటి. ‘చెప్పెను’, ‘వచ్చెను’ లాంటివి వదిలేస్తాను. ప్రతి పేజీలో ఉండేవి దేనికీ రుజువు కావు.

జలప్రళయం దీనికి మంచి పాఠం. ఆదికాండములో రోజుల లెక్క వరసగా రాస్తే 7 (7:4), 7 (7:10), 40 (7:17), 150 (7:24). అక్కణ్ణుంచి 150 (8:3), 40 (8:6), 7 (8:10), 7 (8:12). ఎక్కిన మెట్లే దిగినట్టు. రెండు 150ల నడుమ 8:1 ఉంది: దేవుడు నోవహును జ్ఞాపకము చేసికొనెను. నీళ్లు తగ్గడం అక్కడే మొదలు. చాలామంది ఇక్కడ తొందరపడి అంకెలన్నీ కూడేస్తారు. కూడకూడదు. 7:4లో చెప్పిన ఏడు రోజులే 7:10లో గడిచాయి. రెండు 150లూ ఒకటే గడువు: రెండో నెల 17న ఊటలు తెగాయి, ఏడో నెల 17న ఓడ నిలిచింది, అంటే అయిదు నెలలు. కాబట్టి ఈ పొందిక క్యాలెండరులో లేదు, కథ చెప్పిన తీరులో ఉంది. ఒకే గడువును రెండుసార్లు చెప్పబట్టే 8:1 నడిమికి వచ్చింది.

ఇలాంటి అమరిక వెతికేటప్పుడు ఎక్కువగా దెబ్బతినేది, ఒక్కో ముక్కకూ మనం పెట్టుకునే శీర్షికల దగ్గర. ‘కష్టం, ప్రార్థన, కష్టం’ అని సొంత మాటల్లో రాసుకుంటే ఏ భాగాన్నైనా అద్దంలా అమర్చొచ్చు. (మూడు పాయింట్లూ ఒకే అక్షరంతో మొదలవ్వాలన్న ప్రసంగాల సరదా వేరే!) నా శీర్షికలో వచనంలోని మాట లేకపోతే కొట్టేస్తాను. జతలో ఒక్క మాటే కలిస్తే పట్టించుకోను. రెండు మూడు కలిసి, అవీ ఆ భాగంలో మరెక్కడా కనపడకపోతే అప్పుడు నమ్ముతాను. ఏ జతలోనూ ఇమడని వచనాలను పేజీ అడుగున రాసిపెడతాను. అవి ఎక్కువైతే ఆ అమరిక నాదే, వాక్యానిది కాదు.

మార్కు 5లో ఒక కథ మధ్య ఇంకో కథ పెట్టారు. చావుబతుకుల్లో ఉన్న కూతురి కోసం యాయీరు వేడుకుంటే యేసు అతనితో బయలుదేరతాడు, దారిలో రక్తస్రావ రోగమున్న ఒక స్త్రీ ఆయన వస్త్రం ముట్టి బాగుపడుతుంది. యాయీరు కుమార్తెకు పన్నెండేళ్లు, ఆ స్త్రీ రోగానికీ పన్నెండేళ్లే. యాయీరూ ఆమే ఇద్దరూ యేసు ముందు పడతారు. 34లో ఆమెను ‘కుమారీ’ అని పిలిచి ఆమె విశ్వాసం గురించి చెబుతాడు. 35లో యాయీరుకు చావు కబురు. 36లో అతనితో ‘భయపడకుము, నమ్మిక మాత్రముంచుము’. ఆలస్యమైందనుకున్న ఆ కాసేపట్లో యాయీరు చూసిందే అతనికి ఆధారం. అందుకే ఒక శనివారంలో పూర్తికాకపోతే ఎక్కడ ఆపినా ఫర్వాలేదు గానీ, 34 దగ్గర మాత్రం ఆపొద్దని మావాళ్లకు చెబుతాను.